కరెంటు వచ్చింది, సర్వర్ లేచింది... వీఎంలకు నెట్ ఏదీ?

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో పొద్దంతా ఎండ కాసి సాయంత్రానికి మబ్బు పట్టిందంటే కరెంటు మీద ఆశ వదులుకోవాల్సిందే. గాలికి ఏ చెట్టు కొమ్మో తీగల మీద పడుతుంది, ఏరియా మొత్తం చీకటి. మారతహళ్లి, మహదేవపుర, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ సందుల్లో మనవాళ్లు నడిపే చిన్న ఆఫీసుల్లో ఒకటో రెండో సర్వర్లు, వాటి మీద పది పదిహేను వర్చువల్ మెషీన్లు, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు (వీఎంలు) ఉంటాయి. యూపీఎస్ పావుగంట లాగి చేతులెత్తేస్తుంది. కరెంటు తిరిగొచ్చాక సర్వర్ లేస్తుంది. స్క్రీన్ మీద వీఎంలన్నీ రన్నింగ్ అని పచ్చగా కనిపిస్తాయి. ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పిలిచే పింగ్ కొడితే మాత్రం ఒక్కటీ పలకదు.

ఇలాంటప్పుడు అందరికీ మొదట వచ్చే అనుమానం, నెట్‌వర్క్ కార్డు కాలిపోయిందేమోనని. అది అరుదు. ఎక్కువసార్లు తేలేది ఈ రెండిట్లో ఒకటి. ఎప్పుడో మార్చిన సెట్టింగ్ మెమరీలోనే ఉండిపోయి, రీబూట్‌తో ఎగిరిపోయి ఉంటుంది. లేదంటే ముందు లేవాల్సింది వెనక లేచి ఉంటుంది. సర్వర్ ఏడాదిగా ఆగకుండా నడుస్తోందని మురిసిపోతాం కానీ, ఆ ఏడాదిలో చేసిన మార్పుల్లో ఏవి డిస్క్ మీద ఉన్నాయో, ఏవి మెమరీలో మాత్రమే ఉన్నాయో ఎవరూ రాసిపెట్టుకోరు. ఆ లెక్క కరెంటు పోయిన రోజే తేలుతుంది. అందుకే ఈ వెతుకులాటలో పాత మార్పులను గుర్తు చేసుకోవడం సగం పని.

కింద కమాండ్లను ఫోన్లో చెప్పినట్టుగా రాశాం. ఇలాంటి రోజున తెలిసినవాడు ఇంట్లో ఉంటాడు, కీబోర్డు ముందు ఇంకెవరో ఉంటారు కాబట్టి, అలా చదవడమే ఉపయోగం.

ముందు పది నిమిషాలు ఆగండి

వాన రోజున కరెంటు ఒకసారి వచ్చి ఊరుకోదు. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన వెంటనే సర్వర్ ఆన్ చేస్తే, బూట్ మధ్యలో మళ్లీ పోయి, అప్పటిదాకా బాగున్న ఫైల్‌సిస్టమ్ కూడా దెబ్బతింటుంది. సరఫరా పది నిమిషాలు నిలకడగా ఉన్నాకే స్విచ్ నొక్కండి.

ఆన్ చేశాక కూడా ఓపిక పట్టాలి. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్) బూట్ కావడానికి రెండు మూడు నిమిషాలు మామూలే. పాతకాలపు స్పానింగ్ ట్రీ (వైర్ల లూప్ పడకుండా కాసే పద్ధతి) ఉన్న స్విచ్‌లో పోర్ట్ లేచాక లిజనింగ్‌కి 15, లెర్నింగ్‌కి 15, మొత్తం 30 సెకన్లు ట్రాఫిక్ వెళ్లదు. ఆ అర నిమిషంలో విండోస్ వీఎం అడ్రస్ కోసం డీహెచ్‌సీపీని (అడ్రస్‌లు పంచే సేవను) అడిగి, జవాబు రాక, 169.254తో మొదలయ్యే అడ్రస్ తానే పెట్టేసుకుని కూర్చుంటుంది. అది కొంతసేపటికి మళ్లీ అడుగుతుంది కాబట్టి, కొన్ని కేసులు మీరు కాఫీ తాగి వచ్చేలోపు వాటంతటవే తీరిపోతాయి.

అన్నిటినీ మళ్లీ రీబూట్ కొట్టేద్దాం అనే ఆలోచనను మాత్రం పక్కన పెట్టండి. ఒక్కోసారి పని చేస్తుంది, నిజమే. కానీ ఎందుకు చేసిందో తెలియకుండా పోతుంది, వచ్చే వానకు మళ్లీ ఇదే కథ.

తీగ ఎక్కడ తెగిందో తేల్చే వరస

వీఎంకి నెట్ లేకపోయినా హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) కన్సోల్ తెరుచుకుంటుంది. అందులోంచి లాగిన్ అయి, లోపలినుంచి బయటికి చూస్తూ రండి.

మొదట వీఎం అడ్రస్ చూడండి. లినక్స్‌లో "ఐపీ ఎ", విండోస్‌లో "ఐపీకాన్ఫిగ్". 169.254 కనిపించినా, లినక్స్‌లో అడ్రసే లేకపోయినా డీహెచ్‌సీపీ సర్వర్ దాకా మాట చేరలేదని అర్థం. సరైన అడ్రసే ఉంటే అదే హోస్ట్ (వీఎంలను మోసే సర్వర్) మీదున్న, అదే నెట్‌వర్క్‌లోని ఇంకో వీఎంని పింగ్ చేయండి. అది పలికి, గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్) పలక్కపోతే హోస్ట్ లోపలి వర్చువల్ స్విచ్ బాగుంది, గొడవ హోస్ట్ కార్డుకీ బయటి స్విచ్‌కీ మధ్యన. పక్క వీఎం కూడా పలక్కపోతే గొడవ హోస్ట్ లోపలే. గేట్‌వే పలికి, ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ 8.8.8.8 పలక్కపోతే రూటర్ లేదా ఇంటర్నెట్ లైన్. 8.8.8.8 పలికి పేరుతో పింగ్ అవకపోతే డీఎన్ఎస్, అంటే పేర్లను అడ్రస్‌లుగా మార్చే సేవ. ఆఫీసులో డీఎన్ఎస్ సర్వర్ కూడా ఒక వీఎమే అయితే, అది లేచిందో లేదో ముందు చూసుకోండి.

ఇక్కడో మెలిక ఉంది. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేస్తుంది. పింగ్‌కి పలకనంత మాత్రాన లైన్ తెగిందని తేల్చేయకూడదు. పింగ్ కొట్టిన వెంటనే ఏఆర్‌పీ టేబుల్ (ఏ అడ్రస్ ఏ కార్డుదో రాసుకునే పట్టిక) చూడండి: విండోస్‌లో "ఏఆర్‌పీ డ్యాష్ ఎ", లినక్స్‌లో "ఐపీ నెయ్". అవతలి అడ్రస్ పక్కన మ్యాక్ అడ్రస్ (కార్డు సొంత నంబరు) వచ్చి ఉంటే ఆ రెండు మెషీన్ల మధ్య లైన్ శుభ్రంగా ఉన్నట్టే, అడ్డు ఫైర్‌వాల్‌లో ఉంది. ఈ ఒక్క చూపుతో గంట పని తప్పుతుంది.

స్విచ్ దగ్గర

ఆఫీసులో మీరు లేకపోతే సెక్యూరిటీ అన్నకో హౌస్‌కీపింగ్ అక్కకో ఫోన్ చేయాలి. "అన్నా, సర్వర్ వెనక నీలం వైరు ఉంది కదా, అది దూరిన చోట లైటు మిణుకుమిణుకుమంటోందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. తెలుగు రాని మనిషైతే కన్నడంలో "హసిరు లైట్ బర్తా ఇదెయా?" (పచ్చ లైటు వస్తోందా?) అనండి. "నెట్ వస్తోందా?" అని మాత్రం అడగొద్దు. ఫోన్లో వైఫై గుర్తు చూసి వస్తోందనే చెబుతారు. వైర్లు పీకి మళ్లీ పెట్టమని కూడా చెప్పొద్దు. ఒకే వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో దూర్చేస్తే లూప్ పడి ఆఫీసు మొత్తం ఆగిపోతుంది.

లైటు అసలే లేకపోతే అడాప్టర్ చూడండి. గజిబిజిలో ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి తగిలించడం మామూలే. 12 వోల్టుల 2 ఆంపియర్లు కావాల్సిన డబ్బాకు 12 వోల్టుల 1 ఆంపియర్‌ది పెడితే లైట్లు వెలుగుతాయి, లోడ్ పడగానే డబ్బా రీస్టార్ట్ అవుతుంది. నెట్ రెండు నిమిషాలు వచ్చి పోతుంటే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లేముందు ఇది చూడాలి.

లైట్లన్నీ బాగుండి కొన్ని వీఎంలకే నెట్ ఉంటే వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడదీసే సెట్టింగ్) మీదే అనుమానం. మేనేజ్డ్ స్విచ్‌లో చేసిన మార్పు అప్పటికప్పుడు పని చేస్తుంది కానీ, సేవ్ చేయకపోతే మెమరీలోనే ఉంటుంది. సిస్కోలో "రైట్ మెమరీ" కొట్టాలి. బ్రౌజర్‌లో నడిచే చాలా స్మార్ట్ స్విచ్‌లలో అప్లై వేరు, సేవ్ వేరు. సేవ్ బటన్ ఎక్కడో మూలన ఉంటుంది, మనం అప్లై కొట్టి టీ తాగడానికి వెళ్లిపోయి ఉంటాం. కరెంటు పోగానే స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. ట్యాగ్ లేని నెట్‌వర్క్‌లోని వీఎంలు బాగుంటాయి, వీల్యాన్ 20, 30 అంటూ ట్యాగ్ పెట్టినవి మూగబోతాయి. హోస్ట్ వైపు పోర్ట్‌లో ఆ వీల్యాన్లను మళ్లీ ట్యాగ్డ్‌గా చేర్చి, ఈసారి సేవ్ చేసి, కాన్ఫిగరేషన్ ఫైలును కంప్యూటర్‌లోకి దింపుకోండి.

రెండు కార్డులను కలిపి బాండ్ కట్టిన చోట కూడా ఇదే తంతు. స్విచ్‌లో ఆ రెండు పోర్టులను కలిపే ఎల్ఏసీపీ గ్రూప్ ఎగిరిపోయి, హోస్ట్‌లో బాండ్ అలాగే ఉంటే నెట్ అసలే రాకపోవచ్చు, లేదా వచ్చీ రానట్టు ఆడుతుంది. అప్పటికి పని కావాలంటే ఒక వైరు తీసి చూడండి. కానీ సరైన మందు స్విచ్‌లో గ్రూప్‌ని తిరిగి కట్టడమే.

ప్రాక్స్‌మాక్స్ హోస్ట్ అయితే

చిన్న ఆఫీసుల్లో ఇప్పుడు ప్రాక్స్‌మాక్స్ అనే ఈ హైపర్‌వైజర్‌ను ఎక్కువగా వాడుతున్నారు కాబట్టి దీని మీద కాస్త ఆగుదాం.

హోస్ట్ కన్సోల్‌లో "ఐపీ డ్యాష్ బీఆర్ లింక్" కొట్టండి. ఒక్కో ఇంటర్‌ఫేస్ ఒక్కో వరసలో వస్తుంది. అసలు కార్డు, అంటే ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరున్నది, అప్ అని ఉండాలి. వీఎంలను కార్డుకు కలిపే వీఎంబీఆర్0 అనే బ్రిడ్జ్ (వర్చువల్ స్విచ్) కూడా అప్ అని ఉండాలి. బ్రిడ్జ్ ఉండి, ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసిన పేరుతో కార్డే కనిపించకపోతే పేరు మారిందన్నమాట. ఇది భూతం పని కాదు. ఆరు నెలల కింద అప్‌డేట్ చేసినప్పుడు కొత్త కెర్నల్ దిగి ఉంటుంది, రీబూట్ చేయలేదు కాబట్టి పాతదే నడుస్తూ వచ్చింది. కరెంటు పోయి వచ్చాక కొత్తది ఎక్కింది, కార్డుకు కొత్త పేరు పెట్టింది. బయాస్ సెట్టింగులు మారినా, స్లాట్‌లో ఇంకో కార్డు చేర్చినా, తీసినా పేరు ఇలాగే మారవచ్చు.

సరిచేయడానికి ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైలు తెరిచి, పాత పేరు ఉన్న ప్రతిచోటా కొత్త పేరు రాయండి. "ఐఫేస్" వరసలో ఒకసారి, "బ్రిడ్జ్ పోర్ట్స్" వరసలో ఒకసారి ఉంటుంది. రెండోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. తర్వాత "ఇఫ్‌రీలోడ్ డ్యాష్ ఎ" కొట్టండి. మళ్లీ పేరు మారకుండా ఉండాలంటే ఈటీసీ కింద సిస్టమ్‌డీ, దాని కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఒక లింక్ ఫైలు పెట్టి, ఫలానా మ్యాక్ అడ్రస్ ఉన్న కార్డుకు ఫలానా పేరు అని రాయండి. పేరు ఈఎన్ అనే అక్షరాలతో మొదలైతే ప్రాక్స్‌మాక్స్ స్క్రీన్ దాన్ని అసలు కార్డుగా గుర్తుపడుతుంది. పెట్టాక "అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ డ్యాష్ యు" కొట్టడం మరవకండి.

ఇంకో ఉచ్చు ఉంది, ఇది స్విచ్ కథకు సరిగ్గా తిరగబడిన కథ. ప్రాక్స్‌మాక్స్ వెబ్ స్క్రీన్‌లో నెట్‌వర్క్ మార్పు చేసి అప్లై కొట్టకుండా వదిలేస్తే, అది ఇంటర్‌ఫేసెస్ డాట్ న్యూ అనే ఫైల్లో కూర్చుంటుంది. రీబూట్ అయినప్పుడు ఆ ఫైలు అసలు ఫైలు స్థానంలోకి వస్తుంది. ఎప్పుడో ఎవరో ప్రయోగంగా గేట్‌వే మార్చి, పెండింగ్‌లో వదిలేసి, ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయి ఉండవచ్చు. ఆ మార్పు ఈ వానకు అమల్లోకి వస్తుంది. అందుకే ఇంటర్‌ఫేసెస్ ఫైలును కొత్త కళ్లతో, వరస వరసా చదవండి. ఇది మనం పెట్టిందే కదా అని జారవిడవొద్దు.

కార్డు, బ్రిడ్జ్ రెండూ బాగుంటే "బ్రిడ్జ్ లింక్" కొట్టండి. వీఎం నంబరు 100 అయితే ట్యాప్100ఐ0 అనే పోర్ట్ వీఎంబీఆర్0కి తగులుకుని ఉండాలి. వీఎం కార్డుకు ఫైర్‌వాల్ టిక్ పెట్టి ఉంటే మధ్యలో ఎఫ్‌డబ్ల్యూబీఆర్100ఐ0 అని ఇంకో చిన్న బ్రిడ్జ్ వస్తుంది, ట్యాప్ దానికి తగులుకుంటుంది, కంగారు పడొద్దు. ట్యాప్ ఏ బ్రిడ్జ్‌కీ తగలకుండా వేలాడుతుంటే, నెట్ రాలేదని ఎవరో హోస్ట్‌లో నెట్‌వర్కింగ్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేసి ఉంటారు. అలా చేస్తే నడుస్తున్న వీఎంల ట్యాప్‌లు బ్రిడ్జ్ నుంచి ఊడిపోవచ్చు. వాడాల్సింది "ఇఫ్‌రీలోడ్". ఊడిపోయిన వీఎంని షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. లోపలినుంచి రీబూట్ కొడితే చాలదు, ట్యాప్ మళ్లీ తయారయ్యేది వీఎం పూర్తిగా ఆగి లేచినప్పుడే.

ఎక్కడ ఆగిందో ఇంకా తేలకపోతే, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ ఉంది. వీఎంలోంచి గేట్‌వేకి పింగ్ ఆగకుండా పెట్టి, హోస్ట్‌లో "టీసీపీడంప్ డ్యాష్ ఎన్ ఐ ట్యాప్100ఐ0 ఏఆర్‌పీ" కొట్టండి. గేట్‌వే ఎవరని వీఎం అడుగుతున్న ప్రశ్న సెకనుకోసారి కనిపించాలి. తర్వాత అదే కమాండ్ అసలు కార్డు మీద కొట్టండి. ట్యాప్ మీద ప్రశ్న కనిపించి కార్డు మీద కనిపించకపోతే బ్రిడ్జ్‌లోనో హోస్ట్ ఫైర్‌వాల్‌లోనో ఆగుతోంది. కార్డు మీదా కనిపించి జవాబు రాకపోతే హోస్ట్ తప్పేమీ లేదు, స్విచ్ దగ్గరికి తిరిగి వెళ్లండి. వీల్యాన్ ట్యాగ్ ఉన్న ట్రాఫిక్ ఉత్త ఏఆర్‌పీ ఫిల్టర్‌కి దొరక్కపోవచ్చు, "వీల్యాన్ అండ్ ఏఆర్‌పీ" అని కూడా పెట్టి చూడండి. జవాబు కార్డు దాకా వచ్చి ట్యాప్ దాకా రాకపోయినా బ్రిడ్జే.

రెండు సర్వర్ల క్లస్టర్‌లో ఒకటే లేస్తే వీఎంలు అసలు స్టార్టే కావు, కోరమ్ (క్లస్టర్‌లో ఉండాల్సినన్ని ఓట్లు) లేదంటాయి. "పీవీఈసీఎం స్టేటస్" చూడండి. రెండోది నిజంగా ఆగిపోయి ఉందని కళ్లతో చూసుకున్నాకే, ఒక్క ఓటు చాలని చెప్పే "పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1" కొట్టాలి. అది లేచే ఉండి, మధ్యలో స్విచ్ మాత్రమే పోయి ఉంటే, షేర్డ్ స్టోరేజ్‌లోని ఒకే డిస్క్‌ను రెండు వైపులా తెరిచి పాడుచేసుకుంటారు.

వీఎంవేర్, హైపర్‌వీ, తక్కినవి

వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్‌ఐలో మొదట వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ పక్కన రెండు టిక్కులు చూడండి: కనెక్టెడ్, కనెక్ట్ ఎట్ పవర్ ఆన్. ఎప్పుడో పరీక్ష కోసం రెండోది తీసేసి ఉంటే, అప్పట్లో ఏమీ తెలియదు. ఆగి లేచిన రోజున వైరు పీకిన మెషీన్‌లా లేస్తుంది. తర్వాత "ఈఎస్‌ఎక్స్‌సీఎల్‌ఐ నెట్‌వర్క్ ఎన్‌ఐసీ లిస్ట్" కొట్టి కార్డులు అప్ అని ఉన్నాయో, వీస్విచ్‌కు అప్‌లింక్‌గా సరైన వీఎంఎన్‌ఐసీ తగిలి ఉందో చూడండి. ఈఎస్‌ఎక్స్‌ఐ తన కాన్ఫిగరేషన్‌ను బూట్ డిస్క్ మీదకు గంటకోసారి దించుకుంటుంది. కరెంటు పోవడానికి పావుగంట ముందు మీరు పోర్ట్‌గ్రూప్ (వీస్విచ్‌లో వీఎంలు తగిలే నెట్‌వర్క్) చేర్చి ఉంటే అది లేకుండా లేవడం వింత కాదు. పెద్ద మార్పు చేసిన వెంటనే "ఆటో బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్" అనే స్క్రిప్ట్‌ను చేత్తో నడిపితే ఆ భయం ఉండదు.

డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ (చాలా హోస్ట్‌లకు కలిపి ఒకటే వర్చువల్ స్విచ్) వాడేవాళ్లకు ఇంకో ముడి. స్టాటిక్ బైండింగ్ ఉన్న పోర్ట్‌గ్రూప్‌కి వీఎం కార్డును కొత్తగా కలపాలంటే హోస్ట్‌లన్నిటినీ చూసుకునే వీసెంటర్ నడుస్తుండాలి. ఆ వీసెంటర్ కూడా అదే స్విచ్ మీదున్న వీఎం. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. వీసెంటర్ అక్కర్లేని ఎఫెమెరల్ బైండింగ్‌తో ఒక పోర్ట్‌గ్రూప్ ముందే చేసిపెట్టుకుంటే, హోస్ట్‌లోకి నేరుగా లాగిన్ అయి వీసెంటర్‌ను దానికి తగిలించవచ్చు.

మైక్రోసాఫ్ట్ హైపర్‌వీలో వీఎంలను బయటికి కలిపే ఎక్స్‌టర్నల్ స్విచ్ ఏ కార్డుకు కట్టి ఉందో వర్చువల్ స్విచ్ మేనేజర్‌లో చూసి, తప్పు కార్డు అయితే మార్చండి. మార్చేటప్పుడు రిమోట్‌గా ఉంటే మీ లాగిన్ తెగుతుంది, కన్సోల్ ముందు ఎవరో ఒకరు ఉండాలి.

ఉబుంటు లినక్స్‌లో లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిపే వీఎంలకు "వర్ష్ నెట్ లిస్ట్ డ్యాష్ డ్యాష్ ఆల్" కొడితే డిఫాల్ట్ నెట్‌వర్క్ ఇనాక్టివ్ అని కనిపించవచ్చు. "వర్ష్ నెట్ స్టార్ట్ డిఫాల్ట్", తర్వాత "వర్ష్ నెట్ ఆటోస్టార్ట్ డిఫాల్ట్" కొట్టండి. మొదటిది ఈ రోజుకు, రెండోది వచ్చే వానకు. అదే హోస్ట్ మీద డాకర్ (యాప్‌లను కంటెయినర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) కూడా ఉంటే ఐపీటేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ పాలసీని డాకర్ డ్రాప్‌గా మార్చేస్తుంది. దానికి తోడు, బ్రిడ్జ్ ట్రాఫిక్‌ను కూడా ఆ ఫైర్‌వాల్‌కు పంపే బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ ఆన్‌లో ఉంటే బ్రిడ్జ్ మీదుగా పోయే వీఎం ట్రాఫిక్ కూడా ఆగుతుంది. అప్పుడు వీఎం నుంచి హోస్ట్ పలుకుతుంది, గేట్‌వే పలకదు. ఇంతకుముందు ఇది పనిచేసిందంటే, ఎవరో దాని సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగ్) విలువను చేత్తో సున్నా చేసి ఫైల్లో రాయకుండా వదిలేసి ఉండవచ్చు.

డెస్క్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్ వాడేవాళ్లు బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఏ కార్డు మీద ఉందో చూసుకోండి. యూఎస్‌బీ ల్యాన్ డాంగిల్‌ను వేరే పోర్ట్‌లో పెడితే విండోస్ దాన్ని కొత్త కార్డు అనుకోవచ్చు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో వీఎంనెట్0ని ఆటోమేటిక్‌లో వదలకుండా అసలు కార్డుకు కట్టేయండి. న్యాట్ మోడ్ (వీఎం హోస్ట్ అడ్రస్‌తోనే బయటికి వెళ్లే పద్ధతి) అయితే విండోస్ సర్వీసెస్‌లో వీఎంవేర్ న్యాట్ సర్వీస్, వీఎంవేర్ డీహెచ్‌సీపీ సర్వీస్ రెండూ రన్నింగ్‌లో ఉన్నాయో లేవో చూడండి.

పింగ్ వస్తుంది, పని జరగదు

ఇది అన్నిటికంటే విసిగించే రకం. పింగ్ బాగుంది, డీఎన్ఎస్ బాగుంది, బ్రౌజర్ మాత్రం సర్టిఫికెట్ తప్పంటుంది, డొమైన్ లాగిన్ అవదు, ఉబుంటులో ఏపీటీ అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటుంది. వెంటనే తేదీ చూడండి. హోస్ట్ మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి ఉంటే కరెంటు పూర్తిగా పోగానే గడియారం ఏ 2015కో పోతుంది. వీఎంలు లేచేటప్పుడు హోస్ట్ నుంచే టైమ్ తీసుకుంటాయి కాబట్టి అందరూ ఒకేసారి గతంలోకి వెళ్తారు. యాక్టివ్ డైరెక్టరీ వాడే కెర్బరోస్‌లో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ ఒప్పుకోదు. తేదీని చేత్తో దగ్గరకు తెచ్చి, నెట్ నుంచి టైమ్ సరిచేసే ఎన్‌టీపీ నడిపి, బ్యాటరీ మార్చండి. దీనికోసం ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్డు దాకా పోనక్కర్లేదు, వాచ్ రిపేరు షాపులో కూడా దొరుకుతుంది.

ఆ బ్యాటరీ పోయిందంటే బయాస్ సెట్టింగులు కూడా డిఫాల్ట్‌కు పోయి ఉండవచ్చు. వర్చువలైజేషన్ ఆఫ్ అయి వీఎంలు స్టార్టే కాకపోవడం, ఆన్‌బోర్డ్ కార్డు డిసేబుల్ కావడం, కరెంటు వస్తే దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ పోవడం, మూడూ చూసుకోండి.

పింగ్ వచ్చి, ఫైలు కాపీ మధ్యలో ఆగిపోతే, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ వేలాడితే గొడవ ఎంటీయూలో, అంటే ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దులో. హోస్ట్‌లో 9000 పెట్టి, స్విచ్‌లో జంబో ఫ్రేమ్స్ (పెద్ద ప్యాకెట్లను ఒప్పుకునే సెట్టింగ్) సేవ్ కాక పోయి ఉంటే చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, పెద్దవి రాలిపోతాయి. లినక్స్‌లో "పింగ్ డ్యాష్ పెద్ద ఎం డూ, డ్యాష్ ఎస్ 1472" కొట్టండి. 1472కి 28 హెడర్ కలిపితే 1500. ఇది వెళ్తే మామూలు దారి బాగున్నట్టు. జంబో పరీక్షకు 8972 పెట్టాలి. యూజర్‌నేమ్‌తో కనెక్ట్ అయ్యే పీపీపీఓఈ లైన్ మీదుగా బయటికి అయితే 1464 దాకానే వెళ్తుంది, అది తప్పు కాదు.

వీఎం లోపల

విండోస్ వీఎం డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లు చూసే సర్వర్) కంటే ముందు లేస్తే తన నెట్‌వర్క్‌ను పబ్లిక్ అనుకుంటుంది. ఫైర్‌వాల్ బిగుసుకుంటుంది, షేర్డ్ ఫోల్డర్లు, రిమోట్ డెస్క్‌టాప్ ఆగిపోవచ్చు. కంట్రోలర్ లేచాక కన్సోల్‌లోంచి అడాప్టర్‌ను డిసేబుల్ చేసి ఎనేబుల్ చేస్తే చాలు. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసేయడం పరిష్కారం కాదు.

లినక్స్ వీఎం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి ఉంటే నెట్‌వర్క్ సంగతి తర్వాత. డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాసిన అదనపు డిస్క్ కోసం 90 సెకన్లు చూసి, దొరక్క ఆగిపోయి ఉంటుంది. స్టోరేజ్ బాక్స్ సర్వర్ కంటే నిదానంగా లేచే ఆఫీసుల్లో ఇది తప్పదు. స్టోరేజ్ లేచాక వీఎం రీబూట్ చేసి, ఆ వరసలో "నోఫెయిల్" చేర్చండి.

రెండు వీఎంలు ఒకే అడ్రస్ కోసం కొట్టుకుంటే నెట్ ఒక నిమిషం వచ్చి ఒక నిమిషం పోతుంది. చిన్న రూటర్లు ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చాయో మెమరీలోనే పెట్టుకుంటాయి. కరెంటు పోతే మరిచిపోయి, ఒకరిది ఇంకొకరికి ఇస్తాయి. ఉబుంటు వీఎంలను క్లోన్ చేసినవాళ్లకు మరో కారణం కూడా ఉంది. క్లోన్లన్నిటికీ మెషీన్ ఐడీ ఒకటే ఉంటే, మ్యాక్ వేరైనా డీహెచ్‌సీపీ సర్వర్ వాటన్నిటినీ ఒకే మనిషి అనుకుంటుంది. నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్‌కు మ్యాక్ అని రాస్తే గొడవ తీరుతుంది. సర్వర్ పని చేసే వీఎంలకు డీహెచ్‌సీపీ పరిధికి బయట స్థిరమైన అడ్రస్ ఇవ్వడం ఇంకా మేలు.

రూటరే వీఎం అయితే, పీఎఫ్‌సెన్స్ లాంటిది, అన్నిటికంటే ముందు దాని కన్సోల్ తెరిచి వ్యాన్ (బయటి వైపు), ల్యాన్ (లోపలి వైపు) తారుమారు కాలేదని చూడండి. ఆ హోస్ట్ మేనేజ్‌మెంట్ అడ్రస్ ఎప్పుడూ స్థిరంగానే ఉండాలి. తన కడుపులో ఉన్న రూటర్‌నే డీహెచ్‌సీపీ అడిగే హోస్ట్‌లోకి మీరు లాగిన్ కాలేరు.

లోపలన్నీ బాగుండి ఇంటర్నెట్ ఒక్కటే లేకపోతే ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ లేదని చెప్పే) లైటు ఎర్రగా ఉందేమో చూడండి. ఉంటే మీ చేతిలో లేదు. మీ బిల్డింగ్‌కి జనరేటర్ ఉన్నా, ప్రొవైడర్ స్విచ్ పెట్టిన వీధి చివరి బిల్డింగ్‌కి ఉండకపోవచ్చు. లైన్ తిరిగొచ్చాక పబ్లిక్ అడ్రస్ మారి ఉంటే బ్రాంచ్ వీపీఎన్, పోర్ట్ ఫార్వర్డింగ్ ఆ పాత అడ్రస్‌నే పట్టుకుని ఉంటాయి.

వచ్చే వానలోపు

లేచే వరసను రాసిపెట్టండి: స్విచ్, రూటర్, స్టోరేజ్, హోస్ట్, ఆపైన డీఎన్ఎస్ లేదా డొమైన్ కంట్రోలర్ వీఎం, చివర్లో తక్కినవి. ప్రాక్స్‌మాక్స్‌లో ఒక్కో వీఎం ఆప్షన్స్‌లో స్టార్ట్ ఎట్ బూట్ పెట్టి, ఆర్డర్ 1 ఉన్న డీఎన్ఎస్ వీఎంకి స్టార్టప్ డిలే 60 సెకన్లు ఇవ్వండి. డిలే అంటే అది లేచాక తర్వాతిది ఎంతసేపు ఆగాలన్నది, అది ఆలస్యంగా లేవడం కాదు. హోస్ట్ కంటే స్విచ్ నిదానమైతే, డీహెచ్‌సీపీ మీద ఆధారపడే వీఎంలకు ముందు లేచే వీఎం డిలేకి ఆ తేడా కూడా కలపండి.

యూపీఎస్‌కి సర్వర్ మాత్రమే తగిలించి, స్విచ్‌నీ ఫైబర్ డబ్బానీ గోడ ప్లగ్‌లో వదిలేసే ఆఫీసులు ఎన్నో. ఆ రెండూ కలిపి ముప్పై నలభై వాట్లు దాటవు, వాటినీ యూపీఎస్ మీదకు తెండి. జనరేటర్ అందుకునే పది సెకన్లలో స్విచ్ పడి లేవడం ఆగిపోతుంది. చిన్న యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 84 వాట్ అవర్లు ఉంటాయి. 150 వాట్ల సర్వర్‌కు అరగంట అని లెక్క తేలుతుంది కానీ, అంత వేగంగా పిండితే అది అంత ఇవ్వదు. మూడు నాలుగేళ్లు దాటితే అందులోనూ సగమే అనుకోండి. యూపీఎస్‌ను కనిపెట్టుకుని ఉండే ఎన్‌యూటీ సాఫ్ట్‌వేర్ పెట్టి, బ్యాటరీ సగానికి రాగానే వీఎంలు, ఆ వెంట హోస్ట్ వరసగా షట్‌డౌన్ అయ్యేలా కట్టండి.

బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్ మెయింటెనెన్స్ కోసం కరెంటు ఆపే రోజులను పత్రికల్లో ముందే వేస్తుంది. మీ ఏరియా పేరు కనిపించిన రోజున పొద్దున్నే స్విచ్ కాన్ఫిగరేషన్ సేవ్ చేసి, యూపీఎస్ ప్లగ్ చేత్తో పీకి, బ్యాటరీ ఎన్ని నిమిషాలు లాగిందో, షట్‌డౌన్ వరసగా జరిగిందో లేదో చూడండి. కరెంటు వచ్చాక ఎవరూ ఏమీ ముట్టుకోకుండా ఎన్ని వీఎంలు పింగ్‌కి పలికాయో లెక్కపెట్టండి. పలకనివాటి పేర్లే మీ పని జాబితా.